ఉప్పెన అంకెలకు ఆధారమేది?

కృష్ణా డెల్టా దిగువ భాగపు తుఫానులను గూర్చి విశ్వవిద్యాలయ పట్టములకై వ్రాయబడు పరిశోధన నివేదికలను తెఱచినచో మొదటి అధ్యాయములో తఱచుగా ఒక పట్టిక కనిపించును. 1779లో మచిలీపట్టణము, మృతులు 20,000. 1789లో కోరంగి, మృతులు 20,000. 1839లో మరల కోరంగి, మృతులు 3,00,000, నష్టమైన ఓడలు 20,000. 1864లో మచిలీపట్టణము, మృతులు 30,000. 1977లో దివిసీమ, మృతులు 10,000. పట్టికకు గీతలు చక్కగా గీయబడి యుండును. క్రింద ఆధారముగా ఒక ఇటీవలి వ్యాసము పేరుండును. ఆ వ్యాసమును తీసి చూచినచో అదే పట్టిక, దాని క్రింద మఱొక వ్యాసము పేరు. దానిని తీసి చూచినచో ఇంకొకటి. ఇట్లు నాలుగైదు మెట్లు దిగిన పిదప కర్త పేరైనను లేని ఒక జాబితా వద్ద దారి ఆగిపోవుట కలదు.

ఈ విమర్శ ఏ యొక్క విద్యార్థి నివేదికకును సంబంధించినది కాదు. ఆ పట్టికకు సంబంధించినది. అది చేయి నుండి చేతికి మారుచు, ప్రతి చేతిలోను ఒక క్రొత్త ఆధార సూచనను తగిలించుకొని, రానురాను ప్రామాణికముగా కనిపించుచున్నది. పది నివేదికలు ఒకే అంకెను చెప్పినప్పుడు పదిమంది సాక్షులు చెప్పినట్లు తోచును. నిజమునకు సాక్షి ఒక్కడే, మిగిలిన తొమ్మండుగురు విన్నవారు. విన్నవారు తాము చూచినట్లు సంతకము చేయుటయే ఇచ్చటి దోషము.

ఇది కేవలము గ్రంథాలయములలోని మర్యాదకు చెందిన విషయమని కొందఱు అనుకొందురు. పామర్రు కూడలిలో నిలిచినవానికి అట్లు తోచరాదు. అచ్చటినుండి ఒక దారి బందరుకు, ఒకటి గుడివాడకు, ఒకటి దివిసీమకు పోవును. ఈ మూడు దారుల నడుమనున్న నేల ఎంత చదునైనదనగా, సముద్రపు నీరు ఒక మీటరు ఎక్కువగా లేచెనా తక్కువగా లేచెనా అను భేదము మైళ్లకొలది పొలములకును, వందలకొలది ఇండ్లకును భేదమగును. పెద్ద ఉప్పెన ఏ యేట వచ్చునో చెప్పుట సాధ్యము కాదు గాని, ఎంతటి ఉప్పెన సగటున ఎన్ని యేండ్లకొకసారి రాగలదో గణాంక శాస్త్రరీత్యా అంచనా వేయుదురు. కరకట్ట ఎంత ఎత్తున వేయవలెను, తుఫాను ఆశ్రయ భవనపు నేల ఎంత పైన ఉండవలెను అను ప్రశ్నలకు జవాబు ఆ అంచనానుండియే రావలెను. ఇట్టి అంచనాలలో పెద్ద సంఘటనలు రెండు మూడింటికి మించి ఉండవు. మూడింటిలో ఒకటి తప్పైనచో అంచనా యంతయు ఒక ప్రక్కకు ఒరుగును. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. ఆ శాఖవారి తుఫాను మార్గముల పటములు 1891 నుండి మొదలగును. కావున పట్టికలోని అయిదు సంఘటనలలో నాలుగు ఆ శాఖ పుట్టుటకు ముందటివే. వానికి యంత్రముల కొలతలకంటె కాగితముల సాక్ష్యమే దిక్కు.

ముందుగా 1864ను తీసికొందము అని తలచు విద్యార్థికి మొదటి చిక్కు పేరుతోనే వచ్చును. నేటి అక్షరక్రమములో మచిలీపట్టణము అని వెదకినచో దొరకునవి నేటి వ్యాసములే. నాటి ఆంగ్ల గ్రంథములలో ఊరిపేరు మసూలిపటం, మసూలిపట్నం, బందరు అని పలు రూపములలో ఉన్నది. జిల్లాపేరు కిస్ట్నా. ఆ జిల్లా ఏర్పడినది 1859లో, అంతకు పూర్వపు కాగితములు మసూలిపటం జిల్లా, గుంటూరు జిల్లా అను పేర్లతో ఉండును. 1779 తుఫానును కృష్ణా జిల్లా అను మాటతో వెదకువాడు ఏమియు దొరకలేదని చెప్పి జాబితానే శరణు పొందును. పాత పేర్లను ఒక కాగితముపై వ్రాసికొని వెదుకుట ప్రారంభించుటకు అరగంట చాలును. ఆ అరగంటను ఎవరును నేర్పరు.

పాత పేర్లతో వెదకినచో 1883లో చెన్నపట్టణమున అచ్చయిన గోర్డన్ మెకంజీ గారి కృష్ణా జిల్లా మాన్యువల్ దొరకును. అందు ఈ ఉప్పెన వృత్తాంతము కలదు. అదియైనను సంఘటనకు పందొమ్మిది సంవత్సరముల తరువాతి గ్రంథము. దానికంటె దగ్గఱి సాక్ష్యములు జిల్లా అధికారులు చెన్నపట్టణమునకు పంపిన నివేదికలు. 1953 వఱకు ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రములోనిది గనుక, రెవిన్యూ బోర్డు కాగితములను వెదకవలసిన చోటు చెన్నైలోని తమిళనాడు పురాలేఖ కార్యాలయము. నోబుల్ దొర 1843లో స్థాపించిన పాఠశాల 1864 నాటికి బందరులో నడచుచునే యున్నది. ఆ మిషనువారు నెలనెలా ప్రకటించిన పత్రిక చర్చి మిషనరీ ఇంటెలిజెన్సర్. దాని 1864, 1865 సంపుటములు చూడదగినవి. ఊరిలో ఉండినవారు వ్రాసిన ఉత్తరమునకు, ఏబదియేండ్ల తరువాత లండనులో కూర్చబడిన విజ్ఞాన సర్వస్వమునకు సాక్ష్యములో గల తారతమ్యము చెప్పనక్కఱలేదు.

విజ్ఞాన సర్వస్వమన్న మాట వచ్చినది గనుక ఒక చిన్న సంగతి. 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా మసూలిపటమును గూర్చిన చిన్న వ్యాసములో 1864 ఉప్పెనను పేర్కొనుచు, 30,000 ప్రాణములు పోయినవని ఖండితముగా చెప్పలేదు. పోయినట్లు చెప్పుదురు అను అర్థము వచ్చు మాటను వాడినది. ఆ సంపాదకుడు తనకు తెలిసినంత మేరకే మాటాడెను. పట్టిక గడిలో ఆ మాటకు చోటు లేదు. గడిలో అంకె మాత్రమే పట్టును. పట్టికగా మారిన మరుక్షణమున వినికిడి లెక్కయై కూర్చున్నది. చెన్న రాజధానిలో నేటి అర్థములోని జనాభా లెక్కలు 1871లో జరిగినవి. ఉప్పెనకు ముందు ఆ గ్రామములలో ఎందఱుండిరో అంతటి లెక్క లేనప్పుడు, తరువాత ఎందఱు లేకపోయిరో ఎట్లు తేలినది, శవములను లెక్కించిరా, ఇండ్లను బట్టి ఊహించిరా అను ప్రశ్న వేయక 30,000 అని వ్రాయుట శాస్త్రము కాదు. ఆ అంకె తప్పని ఇచ్చట వాదము కాదు. అది ఏ జాతి అంకెయో చెప్పవలెనని మాత్రమే.

1864లోనే మఱొక ఉచ్చు కలదు. అక్టోబరు 5న కలకత్తాను ఒక మహా తుఫాను కొట్టినది. సరిగా ఇరువదియేడు దినములకు, నవంబరు 1న బందరును మఱొకటి ముంచినది. కలకత్తా తుఫానును గూర్చి గాస్ట్రెల్, బ్లాన్‌ఫర్డ్ అను ఇద్దఱు సమగ్రమైన నివేదికను వ్రాసిరి. అది 1866లో వెలువడినది. తరువాత వాతావరణ శాఖకు మొదటి అధిపతియైనవాడు ఈ బ్లాన్‌ఫర్డే. శాఖ పుట్టుకకు కారణముగా చెప్పబడునది కూడ కలకత్తా తుఫానే. 1864 తుఫాను నివేదిక అను మాటను మాత్రమే విని, బందరు లెక్కకు దీనిని ఆధారముగా చూపువాడు, బందరు ప్రసక్తి అందులో ఏ పుటలో నున్నదో కూడ చూపవలెను. పుటసంఖ్య అడిగినప్పుడు పుస్తకము తెఱచినవాడెవడో తెఱవనివాడెవడో తేలిపోవును. పుటసంఖ్యను వ్రాయుమను నియమము ముద్రాపకుల చాదస్తము కాదు.

కోరంగి సంగతి ఇంతకంటె విచిత్రము. 1839 కోరంగి తుఫానునకు పట్టిక రెండంకెలు ఇచ్చుచున్నది: 3,00,000 మంది, 20,000 ఓడలు. ప్రపంచ తుఫానుల జాబితాలను కొంచెము పైకి చదివినచో 1737లో కలకత్తా వద్ద హుగ్లీ నదీ ముఖమున సంభవించిన తుఫాను కనిపించును. అచ్చటి అంకెలు: 3,00,000 మంది, 20,000 ఓడలు. నూటరెండు సంవత్సరముల ఎడము. అయిదు వందల మైళ్లకు తగ్గని దూరము. అంకెలు రెండును అవే. ప్రకృతి ఇంతటి పొదుపు పాటించునని నమ్ముటకంటె, ఎవరో ఒకరు ఎప్పుడో ఒక వరుసలోని అంకెలను ఇంకొక వరుసలో దించిరని అనుమానించుట న్యాయము.

అనుమానమును గట్టిపఱచుటకు పెద్ద చదువు అక్కఱలేదు, ఎత్తువేత లెక్క చాలును. ఒక్కొక్క ఓడకు, కాదు, ఒక్కొక్క పడవకు పది మీటర్ల పొడవు చొప్పున వేసినను, 20,000 పడవలను ముక్కుకు తోక తగులునట్లు వరుసగా నిలిపినచో ఆ వరుస 200 కిలోమీటర్లు వచ్చును. అది కోరంగి నుండి బందరుకు సూటిగా కొలిచిన దూరముకంటె ఎక్కువ. ఇన్ని ఓడలు ఒక్క కోరంగి రేవులో ఒక్క రాత్రి ఉండినవని వ్రాయు విద్యార్థి ఒక్కసారి కాగితముపై లెక్క వేసికొని యున్నచో చేయి ఆగియుండును. ఇక మనుష్యుల సంగతి. తుఫాను జరిగిన అయిదేండ్లకు, 1844లో, హెన్రీ మాంట్‌గొమరీ రాజమహేంద్రవరము జిల్లా దుస్థితిని విచారించి ప్రభుత్వమునకు నివేదిక ఇచ్చెను. ఆ జిల్లాలో మూడు లక్షల ప్రాణములు ఒక్క దినమున పోయి యున్నచో దాని జాడ ఆ నివేదికలో ఉండి తీరవలెను. అంకెను ఎత్తి వ్రాయువాడు మొట్టమొదట తెఱవవలసినది దానిని. దానితోబాటు పిడింగ్టన్ వ్యాసములను. సైక్లోన్ అను మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఇతడే. ఓడల దినచర్య పుస్తకములను సేకరించి, గాలి ఏ గంటకు ఏ దిక్కునుండి వీచెనో పోల్చి చూచి, 1839 నుండి బంగాళాఖాతపు తుఫానులను గూర్చి బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ జర్నల్‌లో వరుసగా వ్రాసెను. 1789లో కోరంగిపై వచ్చిన మూడలల వృత్తాంతమును లోకమునకు ఎఱుకపఱచినది కూడ ఇతడే. కోరంగిని గూర్చి వ్రాయుచు పిడింగ్టన్‌ను చదువక, ఆతని పేరును మాత్రము జాబితానుండి దించికొనుట త్యాగరాజును వినక సంగీత విమర్శ వ్రాయుట వంటిది.

మూలము వఱకు పోయినచో ఏమి జరుగునో 1737 విషయములో జరిగినది. రోజర్ బిల్‌హామ్ అను భూభౌతిక శాస్త్రజ్ఞుడు 1994లో అమెరికా భూకంప శాస్త్ర సంఘపు బులెటినులో ఒక వ్యాసము ప్రకటించెను. అంతకుముందు ఆ సంఘటన తుఫానుల జాబితాలలోనే కాక భూకంపముల జాబితాలలోను, ప్రపంచములోకెల్ల ఎక్కువ ప్రాణనష్టము కలిగించినవానిలో ఒకటిగా, స్థిరపడి యుండెను. కారణము 1738లో లండనులో వెలువడిన జెంటిల్మన్స్ మాగజీన్ అను పత్రిక. పెనుగాలితోబాటు భూకంపము వచ్చినదనియు, మూడు లక్షలమంది పోయిరనియు అది వ్రాసినది. బిల్‌హామ్ ఈస్టిండియా కంపెనీ కాగితములను తెఱచి చూచెను. కలకత్తా నగరములో మృతులు సుమారు 3,000 అని అందు తేలినది. నాటి కలకత్తా జనాభా మూడు లక్షలకు దరిదాపుల లేదు. నష్టము గాలికిని నీటికిని చెందినది గాని భూకంపమునకు చెందినది కాదని ఆతడు నిర్ణయించెను. రెండువందల యేబదియేండ్లకు పైగా పండితులు ఒకరినుండి ఒకరు దించుకొన్న భూకంపము, ఒక్కడు మూలమును తెఱచుటతో కూలినది. ఇంత జరిగినను పాత అంకె నేటికిని జాబితాలలో తిరుగుచునే యున్నది. ఖండనము మూలమంత వేగముగా ప్రయాణము చేయదు.

వ్రాతప్రతులతో పరిచయమున్న తెలుగువారికి ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. తాళపత్రమును చూచి వ్రాసికొను లేఖకుడు ఒకచోట అక్షరము జారవిడిచినచో, ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటిలోను అదే లోపముండును. కావుననే పరిష్కర్తలు తప్పులను బట్టి ఏ ప్రతి దేనికి సంతానమో గుర్తింతురు. బందరులో కొంతకాలము ఉద్యోగము చేసిన బ్రౌను దొర పండితులచేత చేయించినది ఈ పనియే: పలు ప్రతులను తెప్పించి, పాఠాంతరములను పోల్పించుట. ఇదే పద్ధతిని శాస్త్రవ్యాసములకు వర్తింపజేసినవారు సిమ్కిన్, రాయ్‌చౌధురి అను ఇద్దఱు. వారు 1973లో కాస్టర్‌లిట్జ్, థౌలెస్ వ్రాసిన ప్రసిద్ధ భౌతికశాస్త్ర వ్యాసమును తీసికొనిరి. ఆ వ్యాసమును సుమారు 4,300 వ్యాసములు పేర్కొన్నవి. సంపుటసంఖ్యో, పుటసంఖ్యో, సంవత్సరమో తప్పుగా అచ్చయిన సూచనలు 196. ఎవరికివారు పొరపడియున్నచో 196 విధముల తప్పులు దాదాపుగా ఉండవలెను. ఉన్నవి 45 విధములు మాత్రమే. ఒకే తప్పు 78 సార్లు కనిపించినది! డెబ్బదియెనిమిది మంది చేతులు ఒకే తీరుగా జారవు. ఒకరు జారిరి, తక్కినవారు చూచి వ్రాసిరి. ఈ నిష్పత్తిని బట్టి, పేర్కొన్నవారిలో మూలమును చదివినవారు సుమారు అయిదింట ఒకవంతని వారు 2003లో అంచనా వేసిరి. అంచనా కొంచెము కఠినమని వాదించువారు ఉండవచ్చును. మూలమును చదివియు, సోమరితనముచే సూచనను మాత్రము ఇతరుల పట్టికనుండి దించుకొన్నవారు కొందఱుందురు గదా. అయినను తప్పు పుటసంఖ్య ఎవని జాబితానుండి వచ్చెనో చెప్పగలదను మాటకు ఎదురులేదు.

ఇప్పుడు నియమముల సంగతి చూడవలెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో గ్రంథచౌర్య నివారణకై నిబంధనలు ప్రకటించినది. సిద్ధాంత వ్యాసమును కంప్యూటరు ఇతర రచనలతో పోల్చును. పోలిక నూటికి పది వఱకు ఉన్నచో శిక్ష లేదు. పది నుండి నలువది వఱకైనచో సరిదిద్ది మరల సమర్పింపవలెను. నలువది నుండి అఱువది వఱకైనచో ఒక సంవత్సరము వఱకు సమర్పించుటకు వీలులేదు. అఱువది మించినచో నమోదే రద్దగును. మంచి నియమములే. ఐతే పోల్చునప్పుడు మినహాయించు భాగములలో ఆధార గ్రంథపట్టిక ఒకటి. అట్లు మినహాయించుట న్యాయమే, ఎందుకనగా ఒకే గ్రంథమును పేర్కొన్న ఇద్దఱు ఒకే మాటలు వ్రాయక తప్పదు. కాని ఫలితమేమి? ఇతరుల పట్టికను పుటలకు పుటలు దించుకొన్నవానిని ఈ యంత్రము పట్టుకొనలేదు. అంకెను చూచి వ్రాసి, వాక్యమును మార్చి, చదువని పుస్తకమును క్రింద నిలిపినవాడు సున్న శాతముతో బయటపడును. వాక్యచౌర్యమును తూచు త్రాసు తప్పుడు సాక్ష్యమును తూచదు. ఆ పని పర్యవేక్షకునిది, పరీక్షకునిది. పట్టిక ఎంత పొడవున్నదో చూచు కన్నులు, అందులో రెండు సూచనలను యాదృచ్ఛికముగా ఎన్నుకొని, ఆ పుట తెచ్చి చూపుము అని అడిగినచో చాలును. మౌఖిక పరీక్షలో పది నిమిషములు పట్టును.

ఈ దోషమునకు ఇటీవల క్రొత్త రూపము వచ్చినది. ప్రశ్న అడిగిన వెంటనే జవాబు వ్రాసి యిచ్చు కృత్రిమ మేధా యంత్రములు ఆధార సూచనలను కూడ వ్రాసి యిచ్చుచున్నవి. వానిలో కొన్ని నిజమైన వ్యాసములు, కొన్ని ఎన్నడును పుట్టని వ్యాసములు. కర్త పేరు, పత్రిక పేరు, సంపుటము, పుటలు అన్నియు సమంజసముగానే ఉండును, వ్యాసము మాత్రము ఉండదు. పాత లేఖకుడు ఉన్నదానిని తప్పుగా దించెను. ఈ క్రొత్త లేఖకుడు లేనిదానిని ఒప్పుగా దించును. రెంటికిని పరీక్ష ఒకటే, తెఱచి చూచుట.

తెఱచి చూచుటకు పుస్తకము ఎచ్చట దొరకును అని గ్రామీణ కళాశాల విద్యార్థి అడుగుట సహజము, న్యాయము కూడ. పామర్రు చుట్టుపట్ల నుండి కృష్ణా విశ్వవిద్యాలయమున్న మచిలీపట్టణమునకో, విజయవాడకో పోవుటకు ఒక దినము పట్టును. పోయినను 1840 నాటి జర్నల్ అచ్చట బీరువాలో ఉండునను నమ్మకము లేదు. ఐనను ఇరువదియేండ్ల క్రిందటి స్థితి నేడు లేదు. పాత ఏషియాటిక్ సొసైటీ సంపుటములను బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ అను ఉచిత భాండారములలో పుట పుటకు చూడవచ్చును. వాతావరణ శాఖవారి త్రైమాసిక పత్రిక మౌసమ్ ఉచితముగా చదువుకొనవచ్చును. భారతదేశపు సిద్ధాంత వ్యాసములు శోధగంగ అను భాండారములో చేరుచున్నవి. అవి ఆధారములుగా కంటె ఆధారములకు దారిచూపునవిగా ఎక్కువ ఉపయోగించును. కొనుగోలు పత్రికలకై కేంద్ర ప్రభుత్వము 2024 నవంబరులో ఒకే దేశము ఒకే చందా అను పథకమును ఆమోదించినది. మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు, ముప్పదిమంది ప్రచురణకర్తలు, సుమారు 13,000 పత్రికలు. 2025 జనవరి 1న అది మొదలైనది. ఐతే మొదటి దశలో అది ప్రభుత్వ సంస్థలకే. డెల్టా పట్టణములలోని ప్రైవేటు కళాశాలల విద్యార్థులు దాని వెలుపలనే నిలిచిరి. ఆధార సూచన సరిగా లేదని వారిని తప్పుపట్టుటకు ముందు ఈ గోడను గుర్తుంచుకొనుట ధర్మము. గోడ ఉన్నచోట నిజాయితీగల దారి ఒకటి కలదు. మూలము దొరకనప్పుడు, ఫలానావారి మాటను ఫలానా గ్రంథములో ఉదహరించిన రీతిని బట్టి అని వ్రాసి, చూచిన గ్రంథమును మాత్రమే పట్టికలో చేర్చుట. ఇందులో చిన్నతనము లేదు. చూడనిదానిని చూచినట్లు వ్రాయుటలోనే ఉన్నది.

సూచనలను ఏ శైలిలో వ్రాయవలెను, సంవత్సరము ముందా వెనుకా, బిందువా అర్ధబిందువా అను విషయములపై విభాగములలో జరుగు చర్చలకు ఇంతటి విలువ లేదు. ఏదో ఒక పద్ధతిని ఎన్నుకొని కడవఱకు పాటించినచో చాలును. తెలుగు పేర్ల విషయము మాత్రము శ్రద్ధ పెట్టదగినది. పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటను ఇంటిపేరుగా పట్టి పట్టికలో ముందు నిలుపుదురు. తెలుగువారి ఇంటిపేరు మొదట ఉండును. కల్యంపూడి రాధాకృష్ణరావు గారు 1945లో కలకత్తా గణిత సంఘపు బులెటినులో వ్రాసిన వ్యాసము గణాంక శాస్త్రమునకు మూలస్తంభములలో ఒకటి. నూజివీడు, నందిగామలలో చదివిన ఈ మేధావి ప్రపంచ గ్రంథసూచులలో రావు అను పేరుతోనే ఉన్నాడు. ఎందఱో రావుల నడుమ వెదకవలసినదే. యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించినప్పుడు తన పేరును సుబ్బరో అని ఒకే మాటగా వ్రాసికొనిరి. ఆయనను య. సుబ్బారావు అనియో, రావు, వై. ఎస్. అనియో మార్చి వ్రాయుట అభిమానము కాదు, ఆచూకీ చెఱుపుట. కర్త తన పేరును ఎట్లు అచ్చు వేయించుకొనెనో అట్లే వ్రాయవలెను. ఈ భాస్వర పద్ధతి విషయములో వేఱొక అలవాటు కూడ కనిపించును. ప్రయోగశాలలో అనుసరించినది ఏదో కరదీపికలోని సవరించిన పద్ధతి, నివేదికలో పేర్కొన్నది 1925 వ్యాసము. పాత మూలమును గౌరవించుట మంచిదే. ఐనను పాళ్లు మారినప్పుడు, మార్చినవాని పేరు లేనిచో ఆ ప్రయోగమును తిరిగి చేయువాడు దారి తప్పును.

పట్టికలో చివరి వరుస మిగిలినది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. ఇది వినికిడి కాదు, ఉపగ్రహములు, వాతావరణ కేంద్రములు, వార్తాపత్రికలు ఉన్న కాలములోనిది. అయినను మృతుల సంఖ్య పది వేలకు అటునిటు మొదలై, దానికి ఎన్నో రెట్ల వఱకు పలు విధములుగా వ్రాయబడినది. ఒక లెక్క దొరికిన శవములది కావచ్చును, ఒకటి పరిహారము పొందిన కుటుంబములది కావచ్చును, ఒకటి కనిపించకుండ పోయినవారిని కలుపుకొన్నది కావచ్చును. ఏది దేనిదో చెప్పక ఒక అంకెను ఎన్నుకొనుట పై పట్టికలోని పాత జబ్బే. నీటి ఎత్తు విషయము ఇంకను చిక్కైనది. ఉప్పెన ఎత్తు అను మాటకు మూడర్థములు కలవు. ఆ గంటకు ఉండవలసిన పోటు మట్టముపైన తుఫానువలన అదనముగా లేచినది ఒకటి. పోటును కూడ కలిపి సముద్రపు సగటు మట్టము నుండి కొలిచినది రెండవది. ఒక ఊరిలో నేలపై నిలిచిన నీటి లోతు మూడవది. గోడపై మిగిలిన బురద గీత మూడవదానిని చూపును, అందులోను అలల చిందులు కలసి యుండును. శాస్త్రజ్ఞుడు గణిత నమూనాతో లెక్క కట్టునది మొదటిదానిని. 1864కు జాబితాలలో కనిపించు 13 అడుగులు ఈ మూడింటిలో ఏది? మూలమును చూడక నాలుగు మీటర్లని మార్చి, 1977 కొలత ప్రక్కన నిలిపి, రెంటికిని సగటు తీయుట బియ్యమును కుంచముతోను, పాలను గజముతోను కొలిచి కూడుట వంటిది.

1977ను గూర్చి వ్రాయువారికి మొదట చదువదగిన గ్రంథము స్టీఫెన్ కోహెన్, సి. వి. రాఘవులు గారలు వ్రాసి 1979లో ఢిల్లీలో ప్రకటించినది. ఉప్పెన జరిగిన రెండేండ్లలోపల, మనుష్యులును సంస్థలును ఆ మరణముల నెదుట ఎట్లు ప్రవర్తించిరో పరిశీలించిన పుస్తకమది. దానితోబాటు గ్రామ రికార్డులు కలవు, నాటి తెలుగు పత్రికలు కలవు. ఇంకొక ఆధారము ఏ గ్రంథాలయములోను లేదు. నాడు పదేండ్లు, పదునైదేండ్లు వయస్సున్నవారు నాగాయలంక, కోడూరు ప్రాంతములలో నేటికిని ఉన్నారు. నీరు ఏ చెట్టు ఏ కొమ్మవఱకు వచ్చెనో, ఏ ఇంటి పైకప్పు నిలిచెనో చూపగలవారు వారే. వారి మాట కూడ ఆధారమే, దానిని కూడ పేర్కొను పద్ధతి కలదు: చెప్పినవారి అనుమతితో వారి పేరు, ఊరు, నాటి వయస్సు, మాటాడిన తేదీ, వారు చూపిన గుర్తు, ఆ గుర్తు నేలనుండి ఎంత ఎత్తున నున్నదో టేపుతో కొలిచిన కొలత. పామర్రు నుండి అవనిగడ్డ మీదుగా నాగాయలంకకు బస్సులున్నవి.